మార్కులు కలిసిన ఇంజన్

ఆ లారీ నా షెడ్డు ముందు ఆగిన ప్రతిసారీ ఇంజన్ బాగానే ఉండేది. నాకు పిచ్చెక్కించింది అదే. విరిగింది విరిగినట్టు, కాలింది కాలినట్టు కనిపిస్తే మెకానిక్కుకు దిగులుండదు. విప్పుతాడు, మారుస్తాడు, చేతులు కడుక్కుంటాడు. ఈ బండి మాత్రం నా దగ్గరికి వచ్చేసరికి బుద్ధిమంతురాలై కూర్చునేది. భద్రాచలం దాటి అడవిలోకి వెళ్ళగానే మొండికేసేది.

ఎనభైల నడిమి మాట ఇది. కొత్తగూడెం దాటాక భద్రాచలం వెళ్ళే రోడ్డు పక్కన నాకొక రేకుల షెడ్డు ఉండేది. మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి. నన్నక్కడికి దింపడం ఇష్టం లేక, పదహారేళ్ళ వయసులో ఖమ్మంలో ఒక డీజిల్ మేస్త్రీకి అప్పగించాడు. అక్కడ పన్నెండేళ్ళు పని నేర్చుకుని తిరిగొచ్చి సొంత షెడ్డు పెట్టాను. నేను చెప్పబోయే వేసవి నాటికి షెడ్డుకు ఆరేళ్ళు, నాకు ముప్ఫై నాలుగు. నా భార్య దవాఖానాలో నర్సు. చుట్టుపక్కల లారీ డ్రైవర్లలో నాకు మంచి పేరుండేది. ఆ పేరే తలకెక్కిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. అప్పుడెవరైనా ఆ మాట అని ఉంటే రెంచీ విసిరేవాణ్ని.

లారీ దమ్మపేట రైతుది. వాళ్ళ నాన్న కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొని స్థిరపడిన కుటుంబం. పొలంతో పాటు ఈ ఒక్క లారీ ఉండేది. ఎండాకాలం చర్ల వైపు అడవిలో నరికిన వెదురును డిపోకు తోలేవారు. తొమ్మిదేళ్ళుగా ఆ బండికి ఒక్కడే డ్రైవరు. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దవాడు. బక్కపలచటి మనిషి, మాట తక్కువ. బండి ఆపితే ముందు టైర్లన్నీ చేత్తో తట్టి చూసి, ఆ తర్వాతే చాయ్‌కి పోయేవాడు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో అతను మొదటిసారి ఆ కంప్లయింట్‌తో వచ్చాడు.

"మేస్త్రీ, ఎత్తు కాడ బండి గుంజుతలేదు," అన్నాడు. "వాగు దాటి ఎక్కేటప్పుడు మొదట్ల మంచిగనే వస్తది. సగం ఎక్కినంక దమ్ము పోతది. నల్లగ పొగ కక్కుతది."

"లోడ్ ఎంతేసినవ్?"

"ఎప్పుడేసేదే."

"ఏ గేర్ల ఎక్కిస్తున్నవ్?"

"తొమ్మిదేండ్ల సంది ఏ గేర్ల ఎక్కిస్తున్ననో, గా గేర్లనే."

నల్లపొగ అంటే డీజిల్ సరిగ్గా కాలడం లేదన్నమాట. గాలి చాలకైనా ఉండాలి, డీజిల్ ఎక్కువైనా ఉండాలి. గాలి ఫిల్టర్ విప్పి కడిగాను. డీజిల్ ఫిల్టర్లు మార్చాను. వాల్వుల సందు చూసి సరిచేశాను. ఖాళీ బండిని పాల్వంచ దాకా తోలుకుని వచ్చాను. పిల్లిలా నడిచింది. "పో అన్నా, ఇంకేం కాదు," అన్నాను.

నాలుగో రోజు మళ్ళీ వచ్చాడు. అదే ఎత్తు, అదే పొగ.

సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పి ఒక్కొక్కటీ చిమ్మించి చూశాను. రెండు కాస్త కారుతుంటే కొత్త నాజిళ్ళు వేశాను. మళ్ళీ పంపాను, మళ్ళీ వచ్చాడు. ఈసారి డీజిల్ పంపునే విప్పి, గోనెలో చుట్టుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఖమ్మం తీసుకుపోయాను. అక్కడ పంపులు మాత్రమే చూసే ముసలి మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. రెండు రోజులు తన మిషన్ మీద తిప్పి చూసి, "నీ పంపుకు ఏ రోగం లేదురా. రోగం ఇంకెక్కడో ఉంది. ఊకె దీన్ని మోసుకుని తిరగకు," అని నా చేతిలో పెట్టాడు. పోను రాను బస్సులో మనుషుల కాళ్ళ మధ్య నలిగి, చొక్కాకు డీజిల్ పూసుకుని తిరిగొచ్చిన నాకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

ఇక మిగిలింది టైమింగు. ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కు గాలి పీల్చే వాల్వొకటి, పొగ వదిలే వాల్వొకటి ఉంటాయి. అవి ఎప్పుడు తెరుచుకోవాలో ఎప్పుడు మూసుకోవాలో క్యామ్ షాఫ్టు చెబుతుంది. దాన్ని ఇంజన్ ప్రధాన ఇరుసు అయిన క్రాంకు, ముందు భాగంలో ఉండే పళ్ళ గేర్లతో తిప్పుతుంది. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా వాల్వు వేళ తప్పుతుంది, ఇంజన్ ఊపిరి తప్పుతుంది. అందుకే గేర్ల మీద మార్కులుగా చుక్కలు కొట్టి ఉంటాయి. క్రాంకు గేరు మీది ఒక్క చుక్క, క్యామ్ గేరు మీది రెండు చుక్కల మధ్య కూర్చుంటే టైమింగు కుదిరినట్టు.

అది చూడాలంటే రేడియేటర్ దించాలి, ఫ్యాన్ తీయాలి, పుల్లీ లాగాలి, ముందు మూత విప్పాలి. ఒక రోజంతా పట్టింది. డ్రైవరు కూడా చొక్కా విప్పి నాతో పాటు పట్టాడు. మూత తీసి, గుడ్డతో ఆయిల్ తుడిచి, క్రాంకు మెల్లగా తిప్పాను. ఒక్క చుక్క వచ్చి రెండు చుక్కల మధ్య ముద్దుగా కూర్చుంది.

"సరిగ్గనే ఉందా?" అన్నాడు డ్రైవరు, నా భుజం మీంచి వంగి.

"నువ్వే చూడు."

చూశాడు. "మరి ఎత్తు కాడ ఎందుకు గట్ల చేస్తది?" అన్నాడు.

అది నన్ను నేను అడుక్కుంటున్న ప్రశ్నే. కానీ అతని నోట్లోంచి వినేసరికి ఒళ్ళు మండింది.

"ఇంకోటి మేస్త్రీ," అన్నాడు. "నడుమల ఆగిపోయినప్పుడు ఇంజన్ బంద్ చేసి, ఒక బీడీ తాగి మళ్ళ స్టార్ట్ చేస్తే గుంజుతది. కొంచెం దూరం మంచిగ పోతది. మళ్ళ గదే కథ."

"అట్లయితే బీడీల కట్ట కొనుక్కో," అన్నాను.

నవ్వాననే గుర్తు. అతను నవ్వలేదు. ఆ లారీ గురించి నాకెవరైనా చెప్పిన మాటల్లో పనికొచ్చేది అదొక్కటే. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు చెప్పినా, దాన్ని బీడీ పొగతో పాటు వదిలేశాను.

మూత బిగించాను. పంపి చూశాను. మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంజన్ పైభాగం, హెడ్డు దించి, వాల్వులన్నీ నూరి, కొత్త గ్యాస్కెట్ వేశాను. అయిదు రోజుల పని. ఆ అయిదు రోజులూ మిగతా బండ్లన్నీ షెడ్డు బయట ఎండలో నిలబడ్డాయి. డ్రైవర్లు విసుక్కుని వేరే షెడ్లకు పోయారు. నాకు రాత్రి అన్నం సహించేది కాదు, పొద్దున ప్రార్థనలో కూర్చుంటే మనసులో వాల్వులు కొట్టుకునేవి. హెడ్డు బిగించి పంపించాక మూడో రోజు మధ్యాహ్నం ఆ లారీ మూతి రోడ్డు మలుపులో మళ్ళీ కనిపించింది.

అదే రోజు ఓనరు కూడా దమ్మపేట నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. షెడ్డుకు ఎదురుగా చాయ్ హోటల్ ఉండేది. ఎప్పుడూ అయిదారుగురు డ్రైవర్లు అక్కడి బల్లల మీద కూర్చునేవాళ్ళు. ఓనరు నన్ను అక్కడికి పిలిచాడు.

"ఏంటి మేస్త్రీ, నెల దాటింది. మృగశిర కార్తె వస్తే అడవి రోడ్లు మూసుకుపోతాయి. అసలు నీకు తెలిసిందా లేదా? తెలియకపోతే చెప్పు, విజయవాడ తీసుకెళ్తా."

అందరూ చూస్తున్నారు. డ్రైవరు హోటల్ గుంజకు ఆనుకుని చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తెలియలేదు అనే మాట నా నోట్లోంచి రాలేదు. నెల రోజుల విసుగంతా ఒక్కచోట చేరి ఇంకో మాటగా బయటికొచ్చింది.

"ఇంజన్ల ఏం లేదు సార్. విప్పాల్సినవన్నీ విప్పి చూసిన. లోపం ఏమన్న ఉంటే గింటే స్టీరింగ్ వెనకాల కూసున్నోని దగ్గర ఉంది. క్లచ్చి మీద కాలు తియ్యకుండ ఎక్కిస్తే ఏ బండి గుంజుతది?"

బల్లల మీద ఎవరో కిసుక్కుమన్నారు. డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు. నా వైపు చూశాడు. ఓనరు అతని వైపు తిరిగి, "తొమ్మిదేళ్ళ నుంచి తోల్తున్నావు కదయ్యా, ఇదేంటి?" అన్నాడు. డ్రైవరు, "నా కాలు క్లచ్చి మీద లేదు సార్," అన్నాడు. అంతే. సాయంత్రానికి బండి తాళం ఓనరు చేతికి మారింది. మర్నాటి నుంచి ఓనరు భార్య వైపు చుట్టం ఒకతను డ్రైవరుగా వచ్చాడు.

ఆ రోజు నాకు బాధేమీ కలగలేదు. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. అంతు చిక్కని ఇంజన్ నా నెత్తి మీంచి దిగిపోయింది.

ఆ హాయి పది రోజులు నిలిచింది. కొత్త డ్రైవరు మూడో ట్రిప్పులో అదే ఎత్తు మీద, నిండు లోడుతో ఆగిపోయాడు. పాతవాడికి ఆ జబ్బు తెలుసు కాబట్టి, పొగ కనపడగానే రోడ్డు పక్కకు తీసి చక్రం వెనక రాయి వేయించేవాడు. కొత్తవాడు ఇంకా ఎక్కిద్దామని తొక్కాడు. ఇంజన్ చచ్చిపోయి బండి వెనక్కి జారింది. వెనక చక్రం గట్టుకు తగిలి ఆగింది కాబట్టి సరిపోయింది. వెదురు మీద కూర్చున్న కూలీలు దూకేశారు. ఒక ఆడమనిషికి చెయ్యి విరిగింది.

ఆ కబురు హోటల్ దగ్గర విని ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాను. నా భార్య డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి చీర మార్చుకుంటోంది. విషయం చెప్పాను. ఆ కూలీ మనిషి గురించి అడిగింది, ఏ చెయ్యి, ఎక్కడ కట్టు కట్టించారని. నాకు తెలియదన్నాను. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "బండిని నువ్వు ఆ ఎత్తు కాడికి పోయి చూసినవా?" అంది.

"షెడ్డుల చూసిన గదా. పాల్వంచ దాకా తోలిన."

"ఖాళీ బండి?"

"అవ్."

"మెట్లెక్కితే ఆయాసం వస్తదని ఒకాయన దవాఖానాకొస్తే, మంచం మీద పండబెట్టి చూసి ఏం లేదు పో అంటే ఎట్లుంటది? మా డాక్టరమ్మ గసొంటోళ్ళను మెట్లెక్కించి, దిగంగనే నాడి పట్టుకుంటది."

"ఇంజన్లు నీకు దెల్వయి, ఊకో," అని గోడ వైపు తిరిగాను. నెలన్నరగా మెదడు ఖర్చు పెడుతున్న నాకు, రెంచీ పట్టని మనిషి ఒక్క మాటలో చెప్పడం మింగుడుపడలేదు. కానీ పొద్దున్నే లేచి, పనిముట్ల సంచి సర్దుకుని, ఆ లారీ ఎక్కడుందో కనుక్కుని భద్రాచలం బస్సెక్కాను.

కొత్త డ్రైవరు వెదురు నింపుకుని బయలుదేరేసరికి పదకొండయింది. నేను క్యాబిన్‌లో అతని పక్కన కూర్చున్నాను. అతని ఎడమ కాలు చూస్తూ కూర్చున్నానని చెప్పాలి. అప్పటికీ నాకు ఆశ పోలేదు, తప్పు కాలిదే అయి ఉండాలని. వాగు దాటాం. ఎత్తు మొదలైంది. బండి బాగానే లాగుతోంది. సగం ఎక్కేసరికి ఇంజన్ గొంతు మారింది. దాన్ని మాటల్లో చెప్పలేను. పరుగెత్తే మనిషికి పక్కలో పోటు వచ్చినట్టు. అద్దంలో నల్లపొగ కనిపించింది. అతని కాలు క్లచ్చి మీద లేదు, కింద రేకు మీద ఉంది.

"ఆపు. ఇంజన్ బంద్ చెయ్యకు," అన్నాను.

హ్యాండ్ బ్రేక్ వేశాడు. మేం చెప్పకముందే కూలీలు దిగి చక్రాల వెనక రాళ్ళు పెట్టారు. కోయ మాటల్లో ఏదో అనుకుంటూ చెట్ల నీడలోకి పోయి కూర్చున్నారు. ఇక్కడ ఆగడం వాళ్ళకు అలవాటైపోయింది. నేను బానెట్ ఎత్తి, గాలి ఫిల్టర్ పైపు విప్పి, ఆ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాను. ఇంజన్ గాలిని గట్టిగా లోపలికి పీల్చాలి. పీలుస్తోంది, కానీ మధ్యమధ్య నా అరచేతి మీదికి వెనక్కి ఊదుతోంది. పీల్చిన గాలి వెనక్కి ఎలా వస్తుంది? పీల్చే వాల్వు మూసుకోవాల్సిన వేళకు మూసుకోకపోతేనే వస్తుంది.

అంటే టైమింగే. మార్కులు కలిసిన టైమింగే.

ఇంజన్ ఆపించి, అది చల్లారకముందే పైమూత విప్పాను. ఆ ఎండలో, ఆ వేడిలో చేతులు బొబ్బలెక్కాయి. క్రాంకు తిప్పుతూ మొదటి సిలిండర్ వాల్వు కడ్డీని రెండు వేళ్ళ మధ్య నలిపాను. వాల్వు మూసి ఉన్నంతసేపూ కడ్డీ వదులుగా తిరుగుతుంది, తెరుచుకోవడం మొదలైన క్షణంలో బిగుసుకుంటుంది. బిగుసుకున్న చోట, కింద క్రాంకుతో పాటు తిరిగే పళ్ళ చక్రం, ఫ్లైవీల్ మీద సుద్దతో గీత పెట్టాను. తర్వాత క్రాంకును వెనక్కి తిప్పాను. గేర్ల సందు వల్ల ఫ్లైవీల్ పన్ను ఒకటి తేడా రావచ్చు, అది మామూలే. ఇక్కడ కడ్డీ నాలుగు పళ్ళు దాటినా వదులు కాలేదు. మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి. మళ్ళీ నాలుగు పళ్ళు.

గేరు తిరుగుతోంది, దాని వెనకున్న షాఫ్టు కొంతసేపు తిరగడం లేదు. చుక్కలు ఉన్నది గేరు మీద. నేను చూసింది గేరును. గేరు ఎప్పుడూ సరిగ్గానే ఉంది. దాని వెనకాల షాఫ్టు తనిష్టం వచ్చినట్టు ముందుకూ వెనక్కూ జరుగుతోంది. వేడెక్కి బిగువు వదిలినప్పుడు, బరువు మీద వెనక్కి జారేది. ఇంజన్ ఆపితే వాల్వు స్ప్రింగులు దాన్ని మళ్ళీ ముందుకు తోసేవి. అందుకే బీడీ తాగినంతసేపు ఆగితే మళ్ళీ లాగేది.

ఆ రాళ్ళ మీద కూర్చుండిపోయాను. పాత డ్రైవరు ఆ మాట నాతో ఎన్నిసార్లన్నాడో లెక్కపెట్టుకున్నాను. మూడుసార్లు.

సగం లోడు దింపించి, బండిని మెల్లగా షెడ్డుకు తెచ్చాం. రెండోసారి ముందు మూత విప్పి, ఈసారి క్యామ్ గేరును షాఫ్టు నుంచి లాగేశాను. గేరు షాఫ్టు మీద తిరగకుండా వాటి మధ్య ఒక గాడిలో చిన్న ఉక్కు ముక్క కూర్చుంటుంది, అరచందమామ ఆకారంలో, వేలిగోరంత. దాన్ని కీ అంటాం. ఆ ముక్క సగం నలిగి, మైనంలా సాగిపోయి ఉంది. తీసి వెలుగులో పెట్టి చూశాను. నలగని వైపు ఆకురాయి గీతలున్నాయి, అడ్డంగా, దగ్గరదగ్గరగా. కంపెనీ నుంచి వచ్చిన ముక్క మీద అలాంటి గీతలుండవు. ఆకురాయి అలా అడ్డం పట్టి రుద్దేది నాకు పని నేర్పిన ఖమ్మం మేస్త్రీ దగ్గర నేర్చుకున్నవాళ్ళే.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట ఈ ఇంజన్ మొత్తం విప్పి కట్టింది నేనే. బిగించే వేళకు ఆ కీ ఎక్కడో పడిపోయింది. కొత్తది రావడానికి వారమన్నారు. డ్రైవరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఓనరు తొందరపెడుతున్నాడు. ఒక పాత బోల్టు కోసి, అరగంట రుద్ది, ఆ ఆకారం తెప్పించి కొట్టేశాను. బాగా కూర్చుందని మురిసిపోయాను కూడా. మెత్తటి ఇనుము రెండేళ్ళు మోసింది, ఇక మోయలేకపోయింది.

షెడ్డులో నేనొక్కణ్నే ఉన్నాను. ఆ ముక్కను మురికి కాలవలోకి విసిరేస్తే ఎవరికీ తెలియదు. జేబులో వేసుకున్నాను.

అక్కడితోనైనా కష్టాలు తీరలేదు. షాఫ్టు గాడి కూడా నలిగి వెడల్పయింది కాబట్టి కొత్త షాఫ్టు కావాలి. విజయవాడ నుంచి తెప్పిస్తే వారం తర్వాత వచ్చింది వేరే మోడల్‌ది. తిప్పి పంపాను. రెండోది వచ్చేసరికి ఇంకో అయిదు రోజులు. రోజూ సాయంత్రం పడమటి మబ్బులు చూసి ఓనరు మనిషిని పంపేవాడు, అయిందా అని. కాలేదని చెప్పి చెప్పి నా గొంతు బొంగురుపోయింది. చివరికి షాఫ్టూ కంపెనీ కీ వచ్చాయి. బిగించి, ఇంజన్ గంటసేపు నడిపి, వేడి మీదే ముందుకూ వెనక్కూ తిప్పి చూశాను. ఒక్క పన్ను తేడా, అంతే. నిండు లోడుతో ఆ ఎత్తు మీదికి నేనే కూర్చుని వెళ్ళాను. బండి ఒక్క చుక్క నల్లపొగ వదలకుండా ఎక్కేసింది. సంతోషించాల్సిన వేళ. నాకేమీ అనిపించలేదు.

ఓనరు వచ్చినప్పుడు కీ ముక్క బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పాను. "తప్పు నాది సార్. మీ పాత డ్రైవర్‌ది కాదు. అతన్ని మళ్ళ పిలిపించుండ్రి."

ఆయన ముక్కను చేతిలోకి తీసుకుని కూడా చూడలేదు. "అదంతా సరే మేస్త్రీ. ఇప్పుడు లాగుద్దా, లాగదా?"

"గుంజుతది."

"అయితే అయిపోయింది. ఇప్పుడు వీణ్ని తీసేస్తే ఇంట్లో ఊరుకుంటారా? మావాళ్ళ పిల్లోడు. పోనీలే, అందరికీ పొరపాట్లు జరుగుతాయి."

ఆయన నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. అంత సులువుగా క్షమించేసరికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

పాత డ్రైవరు ఎర్రుపాలెం దగ్గర తన భార్య పుట్టిన పల్లెకు వెళ్ళిపోయాడని హోటల్‌లో చెప్పారు. ఆదివారం చర్చి మానేసి, డోర్నకల్‌లో రైలు మారి వెళ్ళాను. అతను ఒక రైతు దగ్గర ట్రాక్టర్ తోలుతున్నాడు. మిట్టమధ్యాహ్నం, ఇంటి పందిరి కింద అన్నం తింటున్నాడు. నన్ను చూసి లేవలేదు. అతని భార్య మాత్రం పీట వేసి, "కూర్చోండి అన్నయ్యా, మంచినీళ్ళు తాగుతారా," అంది. ఆమెకు నేనెవరో తెలిసినట్టు లేదు.

నిలబడే చెప్పాను. కీ సంగతి, ఆకురాయి సంగతి, నాలుగు పళ్ళ సంగతి. "నువ్వు చెప్పిందే నిజం అన్నా. నేను ఇనలే," అన్నాను.

అతను చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలతో తుడుచుకున్నాడు. ఆ తర్వాత మాట్లాడాడు.

"గా మాట నువ్వు యాడ అన్నవ్ మేస్త్రీ?"

"హోటల్ కాడ."

"ఎంతమంది ఉన్నరు?"

"అయిదారుగురు."

"మరి ఇక్కడికొచ్చి నా ఒక్కనికి చెప్తే ఏం లాభం? నా కాలు మంచిదని నాకు తెల్వదా? ఇరవయ్యేండ్ల సంది నేను బండి తోల్తున్న. ఒక్క మాటతోని క్లచ్చి కాల్చెటోడు అని పేరు పెట్టినవ్. రెండు లారీల కాడికి పోయిన. రెండు కాడ్ల గదే అడిగిండ్రు, 'నువ్వేనా?' అని. నువ్వు చెప్పేదుంటే ఆడ్నే చెప్పు."

అతని భార్య నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడిపోయింది. ఇవ్వాలా వద్దా అని భర్త వైపు చూసింది. చివరికి ఇచ్చింది. తాగి వచ్చేశాను.

తిరుగు రైల్లో నాకు అతని మీద కోపమే వచ్చింది. పని మానుకుని, రెండు రైళ్ళెక్కి, వెతుక్కుంటూ వచ్చినవాణ్ని ఇలాగా పంపేది అనుకున్నాను. ఆ కోపం తగ్గడానికి రెండు మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత ఒక పొద్దున, హోటల్ బల్లలు నిండి ఉన్న సమయం చూసి వెళ్ళాను. నేను క్లచ్చి మాటన్న రోజు ఉన్నవాళ్ళలో ముగ్గురిని గుర్తుపట్టాను. కీ ముక్కను చాయ్ గ్లాసుల మధ్య పెట్టి, నేను చేసింది, నేనన్నది, నిజంగా జరిగింది చెప్పాను. నాకు మాటలు చక్కగా రాలేదు. మధ్యలో ఒకతను, "అయితే మా బండికి కూడ బోల్టు ముక్కలే కొట్టినవా ఏంది?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. నేను కొట్టలేదని చెప్పాను. నమ్మినవాళ్ళు నమ్మారు. ఆ నెలలో ముగ్గురు ఓనర్లు తమ బండ్లను వేరే షెడ్డుకు మళ్ళించారు. నాకెందుకొచ్చిన గొడవ, నోరు మూసుకుంటే పోయేది కదా అని చాలాసార్లు అనుకున్నాను. నా భార్య దగ్గర అన్నాను కూడా. ఆమె అన్నం వడ్డించింది.

వానలు తగ్గాక పాత డ్రైవరుకు పాల్వంచలో ఇంకొక లారీ దొరికిందని విన్నాను. నా మాట వల్ల దొరికిందో, మామూలుగానే దొరికిందో నాకు తెలియదు. ఆ లారీ రోజూ నా షెడ్డు ముందు నుంచే పోయేది. ఆగేది కాదు. రిపేర్లకు అతను ఊరవతల ఇంకో మేస్త్రీ దగ్గరికి పోయేవాడు. దాదాపు ఏడాదిన్నర అలా గడిచింది.

ఒకరోజు మధ్యాహ్నం ఆ లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఫ్యాన్ బెల్టు తెగింది. ఇంకో మార్గం లేక ఆగాడని మొహం చూస్తేనే తెలుస్తోంది. దిగి, టైర్లు తట్టి చూసి, దూరంగా నిలబడ్డాడు. బెల్టు వేశాను. వెళ్ళబోతూ ఆగి, "క్యాబిన్ల ఎడమ దిక్కు ఒక చప్పుడొస్తుంది. గుంతల రోడ్డు మీదనే వస్తది," అన్నాడు.

"ఎప్పటి సంది?"

చెప్పాడు. ఎప్పటి నుంచో, ఏ వేగంలో, లోడుంటే ఎలా, లేకుంటే ఎలా, అన్నీ చెప్పాడు. దాంతో పాటు స్టీరింగ్ కాస్త ఎడమకు లాగుతోందన్నాడు, ఉదయం పూట హారన్ గొంతు వేరుగా ఉంటోందన్నాడు. గంటసేపు చెప్పాడు. అందులో సగం అసలు లోపాలే కాదు. నేను మధ్యలో అడ్డుపడకుండా విన్నాను. అదంత తేలిక పని కాదు, రెండుసార్లు నాలుక కొరుక్కున్నాను. తర్వాత ఇద్దరం బండెక్కి గుంతలున్న రోడ్డు వెతుక్కుంటూ పోయాం. సాయంత్రం దాకా తిరిగాం. తలుపు విప్పి బిగించాను, సీటు కింద బోల్టులు బిగించాను, అద్దం కదలకుండా రబ్బరు ముక్క పెట్టాను. చప్పుడు మాత్రం దొరకలేదు.

"రేపు పొద్దుగాల మళ్ళ చూద్దాం," అన్నాను.

"చూద్దాం," అన్నాడు, బండి స్టార్ట్ చేస్తూ.